విప్పని పిడికిలి

ఆ సోమవారం పొద్దున వసుధ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. లిలువాలో రైల్వే ఉద్యోగుల పిల్లలు చదివే తెలుగు హైస్కూలుకు వెళ్ళాలి, తను పాఠం చెప్పే తొమ్మిదో తరగతి ఎంత బుద్ధిగా ఉందో తన గైడు కృష్ణచైతన్య గారికి చూపించాలి, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి పప్పుచారు పెట్టుకోవాలి. తరగతి నిర్వహణ పద్ధతులు విద్యార్థుల ప్రవర్తనను ఎలా మారుస్తాయన్నది ఆమె పరిశోధన. "ఈసారీ మార్పు కనపడకపోతే వదిలెయ్యమ్మా, నీకూ నాకూ మంచిది" అని ఆయన ముందే తేల్చేశారు. వసుధకు నాలుగు రోజులుగా నిద్ర లేదు.

ఆమె పద్ధతి ఇదీ. టీచరు చెయ్యెత్తి పిడికిలి బిగిస్తే నోళ్ళన్నీ మూతపడాలి. మళ్ళీ చెయ్యెత్తి విప్పేదాకా తెరుచుకోకూడదు. ఈలోగా ఏ వరుసలో మాట వినిపిస్తే ఆ వరుసకు అలీపూర్ జూ విహారయాత్ర లేదు. సంతను తలపించే ఆ తరగతిలో ఇది పనిచేస్తుందని ఆమెకే నమ్మకం లేదు.

బడి గేటు దగ్గరే ఏదో తేడాగా అనిపించింది. వీధి చివరిదాకా వినిపించే గోల ఇవాళ లేదు. గదిలో పిల్లలంతా కదలకుండా కూర్చున్నారు. నుదుట పసుపు, చేతులకు వేపమండలు, ఒంటినిండా సాంబ్రాణి వాసన. వసుధ కుడివైపు నడిస్తే తలలన్నీ కుడివైపు తిరిగాయి. ఎడమకు నడిస్తే ఎడమకు. అందరి చూపూ ఆమె చేతి మీదే.

"అద్భుతం!" అన్నారు వెనకే వచ్చిన గైడు గారు. ముందు బెంచీలో ఉన్న అప్పలలక్ష్మి దగ్గరికి వెళ్ళారు. "నీ పేరేంటమ్మా?"

ఆ పిల్ల పలకలేదు. కన్నార్పలేదు. కంటి చివర ఒక్క చుక్క మాత్రం నిలిచింది.

"మూగపిల్లా?"

"కాదు సార్, ఒట్టి వసపిట్ట!" అంది వసుధ.

ఆయన ఇంకొకణ్ణి అడిగారు, మరొకణ్ణి అడిగారు. అడుగుతూ వెనక్కి జరిగి జరిగి నల్లబల్లకు ఆనుకున్నారు. "వీళ్ళనేం చేశావు వసుధా? ఇది మార్పు కాదు, మరేదో. నీ పరిశోధన మీద నేను సంతకం పెట్టను!"

అప్పుడే తల్లులు గుంపుగా వచ్చిపడ్డారు. ముందు అప్పలలక్ష్మి తల్లి సన్యాసమ్మ. "ఏటి సేసీసినావమ్మా మా పిల్లల్ని? సెనివారం నీ కలాసు కాడినుంచి నోట మాట నేదు! పెడితే తింతాది, కొడితే ఏడుస్తాది, పలకదు! దెయ్యమేనంతంది పక్కింటి బెంగాలీ వదిన, బౌదీ!"

"భూతవైద్యుడికి చూపించారా?" అనేసి, గైడు గారు నాలిక కరుచుకున్నారు.

"ఖిదిర్‌పూర్ నుంచి తెచ్చినాం బాబూ. పిల్లలందరూ ఒక్కపాలి ఆడి మొకమే సూస్తంటే, ఆడే తాయెత్తు కట్టుకుని పారిపోనాడు!"

శనివారం అనగానే వసుధకు గుర్తొచ్చింది. ఆ రోజు పిడికిలి బిగించిన క్షణాన ఫోను మోగింది. సోమవారం వస్తానని గైడు గారు చెప్పారు. ఆ సంతోషంలో ఆమె అలాగే పరుగున ఇంటికి పోయింది. విప్పనే లేదు.

గబుక్కున చెయ్యెత్తి పిడికిలి విప్పింది. కట్ట తెగింది.

"జూ మాదే!" "కాదు, నిన్న నువ్వు నిద్దట్లో కలవరించినావు!" పిల్లలు బెంచీలెక్కారు. తల్లులు పిల్లల్ని కావలించుకుని శోకాలు మొదలుపెట్టారు. "ఆపండి! ఆపండి!" అని గైడు గారు అరుస్తున్నారు. చెవులు మూసుకోబోయిన వసుధ చెయ్యి అలవాటుగా పైకి లేచింది. పిడికిలి బిగిసింది.

పిల్లలు ఆగారు. అది సరే. సన్యాసమ్మ చప్పున కొంగు నోటికడ్డం పెట్టుకుంది. తల్లులంతా గోడవారన చేతులు కట్టుకుని, కళ్ళు ఇంతింత చేసుకుని ఆ పిడికిలినే చూస్తున్నారు. గైడు గారి నోరు సగం తెరుచుకుని అలాగే ఉండిపోయింది. దూరంగా లోకల్ రైలు వెళ్ళిన చప్పుడు వినిపించింది. ఆ నిశ్శబ్దంలో వసుధకు మొదటిసారి తన చెయ్యంటే తనకే భయమేసింది.

చివరికి విప్పింది. కృష్ణచైతన్య గారు చెమట తుడుచుకుని సంతకం పెట్టారు. పరిశోధన శీర్షికలో 'విద్యార్థుల' అన్న మాట కొట్టేసి, దానిపైన 'తల్లుల' అని రాశారు.