ఏలీయా మాస్టారి వంగిన మెడ

లోకంలో పెద్దమనుషులకి మర్యాద కరువైపోయిందని దిగులుపడేవారికి శుభవార్త. ఉప్పలగుప్తం పక్కన మా ఊళ్లో ఈ ఏడాది అది పుష్కలంగా దొరికింది. అమలాపురం పాతసామాన్ల కొట్లో ఏలీయా మాస్టారు ఏడొందలకి కొన్న కెమెరాయే దానికి కారణం.

ఆయన రిటైరైన డ్రాయింగు మాస్టారు. కెమెరా ఆయనకన్నా వయసులో పెద్దది. ముందువైపు ఒకదానిమీదొకటి రెండు కళ్లు, నెత్తిన మూత. మెళ్లో వేలాడదీసుకుని, బొడ్డు దగ్గర ఆనించుకుని, మూత తెరిచి తల వంచి చూడాలి. లోపలి గరుకు అద్దంమీద కాలవా, కొబ్బరిచెట్లూ అప్పుడే స్నానం చేసొచ్చినట్టుంటాయి. పడవ అటు పోతుంటే అద్దంలో ఇటు పోతుంది. పక్కనున్న మర తిప్పితే మసకలోని కొంగ మెల్లిగా ముక్కూ కళ్లూ తెచ్చుకుంటుంది. ఫిలిం రోలుకి పన్నెండే ఫొటోలు, కడిగించడానికి హైదరాబాదు పంపాలి. అంచేత నొక్కడానికి మాస్టారికి మనసొప్పదు. ఒక్క కొంగని ముప్పావుగంట చూసేరు.

“నొక్కండి, దానికి ముసలితనం వచ్చేస్తోంది,” అంది భార్య సువార్తమ్మ.

ఆవిడకో కోరిక ఉంది. నలభై ఏళ్ల కాపరంలో ఆవిడ ఒక్కతీ ఉన్న ఫొటో ఆధార్ కార్డుమీదిదే. అది తనేనని ఆవిడకే నమ్మకం లేదు. మిగతావన్నీ పెళ్లిళ్ల గుంపులో, ఎవరి భుజం వెనకో సగం మొహం. “పన్నెండోది నాకుంచండి. పక్కన ఎవరూ వద్దు,” అంది. వచ్చే ఆదివారం ప్రార్థన అయ్యాక తీస్తానని మాస్టారు మాటిచ్చేరు.

సోమవారానికి పదకొండూ అయిపోయేయి. ఊరికే చూసుకుందామని ఆయన కాలవగట్టున తల వంచి నిలబడితే, సర్పంచి బంగారరాజు గారు మోటారుసైకిలుమీద ఎదురొచ్చేరు. అంత చదువుకున్న మాస్టారు, రెండు చేతులూ పొట్టకి ఆన్చుకుని, తన ఎదట రెండు నిమిషాలు తల దించుకుని నిలబడ్డం ఆయన కళ్లారా చూసేరు. ఆ కళ్లు చెమర్చేయి. సాయంత్రానికి ఊరంతా చెప్పేరు.

మర్నాడు మాస్టారి వాకిట్లో ఇస్త్రీ చొక్కాలు బారులు తీరేయి. సొసైటీ డైరెక్టరు, రొయ్యల చెరువుల ఆసామి, ఇద్దరు మాజీ సర్పంచులు. ఒక్కరూ ఫొటో అడగలేదు. ఉన్న ఒక్కటీ సువార్తమ్మదని మాస్టారు చెప్పబోతే, మీరు నొక్కక్కర్లేదండి, చూస్తూ ఉంటే చాలన్నారు. తల ఎత్తబోతే, “నేనింకా మసగ్గానే ఉండుంటానండి, బాగా చూడండి,” అన్నారు. ఆ వంగిన తలని వాళ్ల మనుషులు ఫోన్లలో తీసి, బుధవారానికల్లా ఫ్లెక్సీలు కట్టించేరు.

రద్దీ దృష్ట్యా గురువారం పంచాయతీ సమావేశమై ఏకగ్రీవంగా తీర్మానించింది. సర్పంచికి అయిదు నిమిషాలు, ఉపసర్పంచికి మూడు, వార్డు మెంబర్లకి తలా ఒకటి. మాజీలకి వీలును బట్టి. ఆ సందర్భంగా బంగారరాజు గారు ఉపన్యసించేరు. “ఈ పెట్టె మన సంస్కృతిని కాపాడుతోంది. తల దించడంలో ఉన్న ఔన్నత్యం నేటి యువత తెలుసుకోవాలి.” తల దించినాయన్ని మాట్లాడమనడం కార్యక్రమంలో లేదు. ఆయన మెడకి సువార్తమ్మ రాత్రిళ్లు నూనె రాసింది.

ఆదివారం వచ్చింది. సువార్తమ్మ బండారులంక నేతచీర కట్టుకుని వాకిట్లో కుర్చీలో ఒక్కతీ కూర్చుంది. మాస్టారు తల వంచేరు. మసకలోంచి ఆవిడ మొహం తేలింది. ఎడమబుగ్గమీది పుట్టుమచ్చ అద్దంలో కుడిబుగ్గకి వచ్చింది. ఆ మొహాన్ని అంతసేపు చూడ్డం ఆయనకదే మొదలు. చూస్తూ చూస్తూ నొక్కడం మర్చిపోయేరు. నొక్కేసరికి పదకొండు నిమిషాలు.

గోడవతల జనం చేతులకి గడియారాలున్నాయి. సర్పంచికన్నా ఆరు నిమిషాలు ఎక్కువ. అదీ పెళ్లానికి, పట్టపగలు, వీధి చూస్తుండగా. సాయంత్రం అత్యవసర సమావేశం జరిగింది. ఆ పెట్టె మన సంస్కృతిని మంటగలుపుతోందని మళ్లీ ఏకగ్రీవంగానే తేలింది. ఫ్లెక్సీలు దిగిపోయేయి. బంగారరాజు గారు స్వయంగా వచ్చి నిలదీసేరు.

“ఆవిడకి దించిన తలే మాకూ దించితే, మా పరువేంగానండి మాస్టారూ?”

“ఆయ్,” అన్నారు మాస్టారు మెడ నిమురుకుంటూ. మర్నాటినుంచి ఎవరూ రాలేదు. కొంగలు వచ్చేయి.

నెల్లాళ్లకి ఫొటోలు వచ్చేయి. పన్నెండోదాంట్లో సువార్తమ్మ, ఎదురుగా వంగిన తలని చూస్తూ, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వుతోంది. ఊళ్లో ఆడవాళ్లంతా వచ్చి చూసి వెళ్లేరు. ఆఖర్న పెరటిదారిన బంగారరాజు గారి భార్య సత్యవేణి గారు వచ్చేరు. ఫొటోని చేతిలోకి తీసుకుని వెలుతురుకి పట్టి చూసేరు.

“ఆ పెట్టె ఒక్కపూట మా ఆయన మెళ్లో వేస్తారా మాస్టారూ,” అని మెల్లిగా అడిగేరు. “ఫిలిం అక్కర్లేదండి.”