మర్యాదకు వేసిన వంతెన

ఆ ఆదివారం పొద్దున ఎస్తేరు చేద్దామనుకున్నది పెద్ద పనేమీ కాదు. చంటివాణ్ణి చంకనేసుకుని, నీళ్ల బిందె నెత్తిన పెట్టుకుని, మంత్రిగారి కళ్లముందు డ్రైను దాటడం. అంతే. రోజూ చేసేదే కాబట్టి నటించాల్సిన అవసరం కూడా లేదు.

డ్రైనంటే పాలేనికీ రోడ్డుకీ మధ్య పారే మురుగు కాలువ. దివిసీమ వరిచేలలో మిగిలిన నీరంతా దానిలోంచే సముద్రానికి పోతుంది. దాటడానికి పక్కపక్కన వేసిన రెండు తాటి దుంగలున్నాయి. వానాకాలం వాటికి పాచి పడుతుంది. బడి, మంచినీళ్ల బావి, అవనిగడ్డ బస్సు, అన్నీ అవతలే. పెద్దపిల్ల రూతు తొలకరి రోజుల్లో బడికి వెళుతూ కాలుజారి, దుంగను కావలించుకుని వేలాడింది. ఆ రోజే ఎస్తేరు పిల్లను బడి మాన్పించింది. తన చదువూ ఆ దుంగల దగ్గరే ఆగిపోయింది. పిల్లదీ అక్కడే ఆగిపోతుందేమోనని ఆమెకు తిండి సహించడం లేదు.

ఈ సంగతే ఎమ్మెల్యే కృపానందం గారు హైదరాబాదులో అసెంబ్లీలో అడిగారు. ఆ పాలేనికి వంతెన లేదని మంత్రిగారికి తెలుసునా అన్నారు. మంత్రిగారు కాగితం చూసుకుని, వంతెన ఉందనీ, రాకపోకలకు ఇబ్బంది లేదనీ చెప్పారు. అయితే దానిమీద ఒకసారి నడిచి చూపిస్తారా అని కృపానందం గారు అనుబంధ ప్రశ్న వేశారు. సభ నవ్వింది. మంత్రిగారికి రోషం వచ్చింది. బందరు వస్తున్నాననీ, ఆదివారం నడిచే చూపిస్తాననీ, వంతెన సరిగ్గా ఉంటే ఆ ప్రశ్న ఇక సభలో ఎత్తకూడదనీ అన్నారు. కృపానందం గారు సరేనన్నారు. పాలేనికి కబురు పంపారు. మంత్రిగారు వస్తున్నారు, మర్యాదకు లోటు రానివ్వకండి అని.

తప్పంతా ఆ కబురులోనే ఉంది.

ఎస్తేరు బిందెతో గట్టుమీదకు వచ్చేసరికి దుంగలు కనపడలేదు. వాటిమీద నున్నటి టేకు చెక్కలు వరసగా పరిచి ఉన్నాయి. మధ్యలో ఆమె భర్త యాకోబు వంగుని ముడులు వేస్తున్నాడు.

"ఏంటిది?" అంది.

"వంతెన," అన్నాడు యాకోబు, పళ్లమధ్య తాడు పట్టుకుని.

"అది కనపడతానే ఉంది. ఎందుకేశారూ అని."

"మంత్రిగారొస్తంటే ఆ దుంగల మీద నడిపించమంటావా? ఆయన జారిపడితే ఎంత అప్రతిష్ట?"

"పడితేనేగా మనకి వంతెనొచ్చేది."

యాకోబు తాడు వదిలేసి ఆమెవంక చూశాడు. "మనింటికొచ్చే మనిషిని పడెయ్యమంటావా? నీకెక్కణ్ణించి వస్తాయే ఇట్టాటి బుద్ధులు?"

ఆ చెక్కలు చర్చి బల్లలవి. దొరల కాలంలో చేయించినవి. పాస్టరుగారూ సంఘపెద్దలూ తప్ప వాటిమీద ఎవరూ కూర్చోరు. సంఘపెద్ద జకరయ్య దగ్గరే నిలబడి కాపలా కాస్తున్నాడు.

"ఒక్క మేకు దిగినా ఒప్పుకోనని చెప్పా," అన్నాడాయన. "ఇయ్యాళ రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే సంస్కారం ఆదివారం. పాస్టరుగారు నెలకోసారి గాని రారు. ఆయనొచ్చేసరికి బల్లలు గుళ్లో ఉండాల."

"పెద్దయ్యా, ఇది చూస్తే మంత్రిగారు వంతెన ఉందనుకుంటారు గదా."

"అనుకోనీ అమ్మాయ్. ఆయన సంతోషంగా ఉంటే గదా మనం ఏదన్నా అడిగేది."

ఎస్తేరు ఎవరూ చూడకుండా ఒక చెక్కను కాలితో పక్కకు తోసింది. అది చూసి యాకోబు, ముడి వదులైందనుకుని, చెక్కలన్నిటికీ రెండేసి వరసలు తాడు బిగించాడు. వదులైందన్న మాట విని మరొకాయన ఆ చెక్కలకే రెండువైపులా వెదురు గడలతో చేతిపట్టు కట్టాడు. చేతిపట్టు బోసిగా ఉందని పొరుగింటి అంకమ్మ కొబ్బరాకులు చుట్టింది. చివరకు అటూ ఇటూ అరటిచెట్లు నిలబెట్టారు. ఎస్తేరు ఇంకేమీ ముట్టుకోలేదు. ముట్టుకున్నకొద్దీ వంతెన గట్టిపడుతోంది.

మంత్రిగారి జీపు బాగా ఆలస్యంగా వచ్చింది. అప్పటికే సన్నగా జల్లు మొదలైంది. కృపానందం గారు జీపు దిగి, డ్రైను వైపు చూసి, మళ్లీ జీపు ఎక్కబోయి ఆగారు.

"ఇదేనా మీరన్న లేని వంతెన?" అన్నారు మంత్రిగారు.

కూడా వచ్చిన ఓవర్సీరు ఆ చోటు చూడటం అదే మొదలు. అయినా చేతులు కట్టుకుని, "కిందటేడే రిపేరు చేయించామండి," అన్నాడు.

మంత్రిగారు టకటకా నడిచి ఇవతలకు వచ్చారు. కృపానందం గారు వెనకే వచ్చి జకరయ్య చెవిదగ్గర, "ఎవరు కట్టమన్నారయ్యా దీన్ని?" అన్నారు.

"తమరే గదండీ, మర్యాదకి లోటు రాకూడదని."

శాసనసభలో ఏ జవాబుకైనా అనుబంధ ప్రశ్న వేయగల మనిషి కండువాతో మొహం తుడుచుకున్నారు.

ఎస్తేరు ముందుకు వచ్చింది. "బాబుగారూ, అది వంతెన కాదండీ. గుళ్లో బల్లలండీ."

"అవునమ్మా, గుడిలో బల్లల్లాగే ఉంది," అన్నారు మంత్రిగారు మెచ్చుకోలుగా. "కృపానందం గారూ, రేపటినించి ఆ ప్రశ్న ఉండదుగా మరి?"

"ఉండదండి," అన్నారాయన నేలచూపులు చూస్తూ.

ఎస్తేరుకు కళ్లనీళ్లు తిరిగాయి. ఆ మాటతో రూతు పలక అటకెక్కినట్టే.

మంత్రిగారికి జకరయ్య ఇంటి వసారాలో పూలదండలు, కొబ్బరి బొండాలు, తరవాత పులిహోర. ఆయన రెండోసారి పెట్టించుకుంటుండగా పాస్టరుగారు సైకిలు భుజాన వేసుకుని వంతెన దాటి, నేరుగా చర్చిలోకి వెళ్లి, బోసి నేల చూసి బయటికి వచ్చారు. గంట మోగింది. జకరయ్య వసారా వైపు ఒకసారి, చర్చి వైపు ఒకసారి చూశాడు.

"మంత్రిగారు వచ్చే ఎలక్షన్లలో ఉంటారో ఉండరో," అన్నాడు యాకోబుతో. "బల్లలు పట్రండ్రా."

మంత్రిగారు చెయ్యి కడుక్కుని గట్టుకు వచ్చేసరికి అటూ ఇటూ అరటిచెట్లున్నాయి. మధ్యలో చేతిపట్టు కూడా లేకుండా, జల్లుకు తడిసి నిగనిగలాడుతున్న రెండు తాటి దుంగలున్నాయి.

"వంతెనేదయ్యా?" అన్నారు.

జకరయ్య చేతులు జోడించాడు. "ఆరాధనకెళ్లిందండీ."

మంత్రిగారు ఓవర్సీరు కోసం చూశారు. ఓవర్సీరు మబ్బుల్ని పరిశీలిస్తున్నాడు. గుడివాడలో సభకు వేళ మించిపోతోంది. చుట్టు తిరిగి వెళితే పొద్దుగూకుతుందన్నారు. పాస్టరుగారి ప్రసంగం ఎప్పుడు ముగుస్తుందో ఎవరూ చెప్పలేరన్నారు. దివిసీమలో పుట్టిన కృపానందం గారు మాత్రం పంచె ఎగగట్టి అవతలకు వెళ్లిపోయారు.

"చెప్పులిప్పండి బాబుగారూ," అంది ఎస్తేరు. "నా చెయ్యి పట్టుకోండి. నీళ్లకేసి చూడొద్దు, కళ్లు తిరుగుతాయి."

"పిల్లాణ్ణి ఎవరికన్నా ఇవ్వమ్మా."

"ఇంకొకరి దగ్గర ఉండడండీ. రోజూ ఇట్టాగే."

ఆమె వెనక్కి అడుగులు వేస్తూ, ఒక చేత్తో బిడ్డనూ మరో చేత్తో మంత్రిగారినీ పట్టుకుని నడిపించింది. సగం దూరం వెళ్లాక దుంగ ఊగింది. కింద నీళ్లు ఎర్రగా సుళ్లు తిరుగుతున్నాయి. మంత్రిగారు కొయ్యబారిపోయారు.

అవతలి గట్టుమీద కృపానందం గారు గొంతు సవరించుకున్నారు. "ఒక అనుబంధ ప్రశ్న. రాకపోకలకు ఇబ్బంది లేదన్న మాటమీద మంత్రిగారు ఇంకా నిలబడే ఉన్నారా?"

"నిలబడలేకపోతున్నానయ్యా. ముందు దాటనివ్వు."

"దాటాక జవాబు మారుతుంది. ఇక్కడే కావాలి."

మంత్రిగారు ఏదో అనబోయారు. కాలు జారింది. ఆయన బరువంతా ఎస్తేరు చేతిమీద పడింది. చంకలో పిల్లాడు గుక్కపట్టాడు. చెయ్యి వదిలేస్తే తనూ బిడ్డా నిలుస్తారు. వదలకపోతే ముగ్గురూ పోతారు. ఆమె పళ్లు బిగబట్టి, మడమ రెండు దుంగల సందులో ఇరికించింది.

"కూర్చోండి," అంది. "అటో కాలు ఇటో కాలు వేసి కూర్చోండి. అట్టా జరగండి. మా పిల్ల భయమేసినప్పుడు అట్టాగే వెళ్లేది బడికి."

మంత్రిగారు కూర్చున్నారు. ఖద్దరు పంచెకు పచ్చటి పాచి అంటింది. "మంజూరు చేశాను," అన్నారు కళ్లు మూసుకుని.

"ఎప్పటిలోగా?" అన్నారు కృపానందం గారు.

"వచ్చే ఏడు వానల్లోగా."

"నిధులు ఏ పద్దు కింద..."

"ఎమ్మెల్యేగారూ, కాసేపు ఊరుకోండి," అంది ఎస్తేరు. "ఈయన పడితే వంతెన కూడా పడిపోద్ది."

పొద్దున మంత్రిగారు పడాలని కోరుకున్నది ఆ పాలెంలో ఎస్తేరు ఒక్కతే. ఇప్పుడాయన పడకూడదని అంతగా కోరుకున్నదీ ఆమె ఒక్కతే. రోడ్డు గట్టుకు చేరేదాకా ఆమె చెయ్యి వదల్లేదు.

తరవాతి సమావేశంలో మంత్రిగారు ఆ పాలేనికి వంతెన లేదని తమకు స్వయంగా తెలుసునని సభకు చెప్పారు. వేసవిలో సిమెంటు బస్తాలు దిగాయి. రూతు పేరు మళ్లీ బడిలో రాయించారు. శంకుస్థాపనకు మంత్రిగారే వచ్చారు. పాలెం వాళ్లు పులిహోర చేసి, దండలు గుచ్చి, ఇవతలి గట్టున ఎదురుచూశారు.

రాయిని మాత్రం ఆయన రోడ్డు వైపే వేశారు.