గొట్టానికి హెమ్మింగ్

ఆ ఉదయం వేసుకున్న పథకంలో చిక్కేమీ లేదు. టైలరు భార్యకు పదకొండింటికి డ్రైవింగ్ పరీక్ష. ఈలోపు టైలరు కారుకు సర్వీసు చేసి సిద్ధంగా పెడతాడు. అత్తగారు, అంటే టైలరు తల్లి, వెనక సీట్లో కూర్చుని ధైర్యం చెబుతారు.

పరీక్ష నాలుగోసారి. మూడుసార్లూ ఇన్‌స్పెక్టరు ఒకటే మాట రాశాడు: కాలు మెత్తగా లేదు. ఆమె నర్సు. ఎనిమిదేళ్ళు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేసి చేసి విసిగిపోయింది. ఇన్నాళ్ళకు, మంచం దిగలేని రోగుల ఇళ్ళకు కారులో వెళ్ళి చూసే పగటి ఉద్యోగం దొరికింది. ఈ సాయంత్రంలోగా లైసెన్సు చూపించకపోతే అది ఇంకొకావిడకు పోతుంది. పాపం, రెండు రోజులుగా ఆమెకు అన్నం సహించడం లేదు.

"మెకానిక్ ఎందుకు? కుట్టుమిషను విప్పి బిగించే చేతికి కారొక లెక్కా?" అన్నాడు టైలరు. నిజం చెప్పొద్దూ, నూనె బాగానే మార్చాడు. గాలి ఫిల్టరూ బాగానే మార్చాడు. కాకపోతే ఆ ఫిల్టరు డబ్బా లాగేటప్పుడు పెన్సిలంత సన్నని రబ్బరు గొట్టం ఒకటి ఊడింది. అది ఎక్కణ్ణుంచి ఊడిందో ఆయన చూసుకోలేదు. అన్నీ బిగించాక చూస్తే వేలాడుతోంది.

టైలరుకు వేలాడేది ఏది కనిపించినా ఒళ్ళు మండుతుంది. పెళ్ళిచూపుల్లో కూడా కాబోయే మామగారి చొక్కాకు వేలాడుతున్న దారం తెంపి జేబులో వేసుకున్న మనిషి. కత్తిరించేద్దామనుకున్నాడు గానీ, ఎప్పటికైనా పనికొస్తుందేమోనని ఆగాడు. కొస మడిచి, తోలుసంచులు కుట్టే దారంతో నీటుగా హెమ్మింగ్ చేసి, పక్క పైపుకు కట్టేసి బానెట్ మూశాడు.

తొమ్మిదింటికి బయల్దేరారు. ఆమె యాక్సిలరేటరు మీద అలా కాలు ఆనించిందో లేదో, కారు ఒక్క గెంతు గెంతి ఎదురింటి గేటుకు జానెడు దూరంలో ఆగింది.

"ఏమండీ, ఇదేంటి ఇలా ఎగురుతోంది?"

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు కారుననకు. నీ కాలే బరువు."

ఆమె చెప్పులు విప్పేసింది. మళ్ళీ గెంతింది.

"అమ్మాయ్, పాదం ఆనించకు, వేలు ఆనించు," అన్నారు అత్తగారు వెనక నుంచి. ఆవిడ జీవితంలో స్టీరింగు ముట్టుకోలేదు.

వేలు ఆనించింది. కాసేపు బాగానే సాగింది. చిన్న ఎత్తు ఎక్కుతుంటే కారు రంకె వేసి దూసుకుపోయింది, స్టీరింగు వెనక ఇంజను బొమ్మ పసుపు లైటు వెలిగింది, అంతే, ఉన్న ఓపికంతా పోయి చతికిలబడింది. చేతిబండి తోసుకుంటున్న పెద్దాయన వాళ్ళను దాటిపోయి, వెనక్కి తిరిగి జాలిగా చూశాడు.

"ఇప్పుడు మరీ భయపడుతున్నావు," అన్నాడు టైలరు. "ఆపి మళ్ళీ తియ్యి."

ఆపి తీస్తే గుర్రం, కాసేపటికి దున్నపోతు. ఇలా గంటసేపు ఊరేగారు. పదింబావుకు ఆమె ఎవరినీ అడక్కుండా పరీక్ష మైదానం పక్కనున్న మెకానిక్ షెడ్డులోకి తిప్పేసింది.

మెకానిక్ ఏదో యంత్రం తగిలించి చూశాడు. "టర్బో, అదే ఈ గాలిపంపు, ఇంజన్లోకి గాలి మరీ ఎక్కువ తోస్తోంది మేడం. ఇంజను పాడవుతుందని కారే భయపడి పవరు తగ్గించుకుంటోంది. ఈమధ్య సర్వీసు చేయించారా?"

"ఈ పొద్దున్నే," అందామె.

"ఎవరు చేశారు?"

"తెలిసిన మెకానిక్కే," అన్నాడు టైలరు చటుక్కున. ఆమె ఆయన వంక చూసింది. నలుగురిలో మొగుడి పరువు తీయడం ఎందుకని ఊరుకుంది.

"వాడికి పని రాదండీ."

"బొత్తిగా రాదు," అన్నాడు టైలరు. "ఈ రోజుల్లో చేతికొచ్చిందల్లా విప్పెయ్యడమే. అలాంటివాళ్ళను గుమ్మం ఎక్కనివ్వకూడదు."

మెకానిక్ తల గోక్కున్నాడు. "టర్బో విప్పి చూడాల్సిందే. మూడు రోజులు వదిలెయ్యండి."

ఆమె అక్కడే ఉన్న పాత టైరు మీద కూలబడింది. "ఇంకేముంది, నా ఉద్యోగం పోయినట్టే," అంది. కళ్ళనిండా నీళ్ళు. టైలరు అసలు సంగతి చెప్పేద్దామని నోరు తెరిచాడు.

"ఒక్క నిమిషం," అన్నాడు మెకానిక్ టార్చి వెలుగు బానెట్‌లో ఒకచోట నిలిపి. "ఈ గొట్టం చూడండి. కుక్కరుకు విజిల్ ఎలాగో టర్బోకిది అలాగ. గాలి ఎక్కువైందని ఇది చెబితేనే పక్కనున్న మూత తెరుచుకుంటుంది. ఎవడో మహానుభావుడు దీని నోరు కుట్టేశాడు."

అత్తగారు కారు దిగి, కళ్ళజోడు సవరించుకుని బానెట్‌లోకి వంగారు.

"ఎంత సమంగా ఉందో చూడు నాయనా. రెండు ముందుకి, ఒకటి వెనక్కి. ఇది మావాడి కుట్టే. నేనే నేర్పాను."

టైలరు షెడ్డు పైకప్పు రేకులు లెక్కపెడుతున్నాడు.

"కత్తెర ఇవ్వండి," అంది భార్య. ఆయన జేబులోంచి తీసిచ్చాడు. ఆమె కుట్టున్న కొస టక్కున కత్తిరించింది, మెకానిక్ గొట్టాన్ని దాని చోట తొడిగాడు. రెండు నిమిషాల పని.

పదకొండుకు అయిదు నిమిషాలుండగా మైదానం చేరారు. గంటసేపు పిచ్చిగుర్రాన్ని బొటనవేలితో నడిపిన మనిషికి మామూలు కారు వెన్నపూసలా అనిపించింది. ఎక్కడా కుదుపు లేదు. ఇన్‌స్పెక్టరు ఒళ్ళో పెట్టుకున్న కాగితాలు కూడా జరగలేదు.

"ఇంత మెత్తటి కాలు ఈ మధ్య చూడలేదు," అన్నాడాయన సంతకం చేస్తూ. "పాసయ్యారు. ఎవరు నేర్పారు?"

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. "మావారేనండీ."

టైలరు ఛాతీ పొంగింది. అడక్కుండానే ముందుకొచ్చి తన లైసెన్సు తీసి చూపించాడు. ఇన్‌స్పెక్టరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీని గడువు అయిపోయి ఎనిమిది నెలలైంది. కొత్తది వచ్చేదాకా మీరు స్టీరింగు ముట్టుకోకూడదు."

"మరి ఇంటికెలా వెళ్ళాలండీ?"

"మీ ఇంట్లో లైసెన్సున్నవాళ్ళు ఒకరున్నారుగా."

టైలరు తల వంచుకుని కారు దగ్గరికి నడిచాడు. భార్య స్టీరింగు ముందు కూర్చుని అద్దం సరిచేసుకుంటోంది. పక్క సీటైనా దక్కుతుందనుకుని ఆయన తలుపు తీశాడు.

అందులో అత్తగారు అప్పటికే బెల్టు పెట్టుకుని కూర్చున్నారు.