లైబ్రరీకి ఓసీ వచ్చిన రోజు

ఆ మంగళవారం పొద్దున ఉపేందర్ చేయాలనుకున్న పనులు మూడే. బీరువాల మీది బొగ్గు దుమ్ము దులపాలి. ఎనిమిదింటికి మంచిర్యాల నుంచి వచ్చే స్కానింగు మనిషికి పాత పుస్తకం ఒకటి అప్పగించాలి. పదకొండింటికి వచ్చే అధికారికి, ఈ లైబ్రరీలో ఇంకా ప్రాణం ఉందని నమ్మకం కలిగించాలి. మొదటిది చీపురుతో అయ్యే పని, రెండోది నమస్కారంతో అయ్యే పని. మూడోదానికే దారి కనపడటం లేదు.

గోదావరిఖనిలో బొగ్గు గని కార్మికుల కాలనీలోని ఆ లైబ్రరీకి ఉపేందర్ అటెండరు. లైబ్రేరియన్ రిటైరై నాలుగేళ్లయినా ఆ కుర్చీలోకి ఎవరినీ పంపలేదు. తాళం తీసేది, పేపర్లు పరిచేది, పుస్తకాలు ఇచ్చేది, పుచ్చుకునేది అంతా ఉపేందరే. ఉత్తరాల్లో మాత్రం అటెండరే. ఏడో తరగతిలో బడి మానేసిన మనిషికి అంతకన్నా పెద్ద పేరెందుకని పై ఆఫీసు ఉద్దేశం కాబోలు. పెద్ద చదువులవాళ్లు వచ్చి ఏం వెలగబెట్టారో ఉపేందర్ కళ్లారా చూశాడు. రిటైరైన లైబ్రేరియన్‌కు రెండు డిగ్రీలు. పదకొండేళ్లలో ఆయన ఆసాంతం చదివింది పంచాంగం ఒక్కటే.

కానీ ఇప్పుడు ఎవరి మీద కోపపడి ఏం లాభం? రోజుకు ఇరవై మందైనా రాకపోతే లైబ్రరీకి తాళం వేసి, హాలును పాత ఫైళ్ల గోదాం చేస్తామని, ఉపేందర్‌ను గని క్యాంటీన్‌లో గ్లాసులు కడిగే పనిలో వేస్తామని కాగితం వచ్చింది. ఆ సంగతి అతను ఇంట్లో కూడా చెప్పలేదు. నిన్నటి సంతకాల రిజిస్టరులో నాలుగు పేర్లున్నాయి. అందులో రెండు ఉపేందర్ పెట్టినవే. ఒకటి కుడిచేత్తో పెట్టింది, ఒకటి ఎడమచేత్తో పెట్టింది.

మిగిలింది ఒకే ఒక్క ఆశ. హక్కుల కాలం తీరిపోయిన పాత పుస్తకాన్ని ఎవరైనా కావాలని అడిగితే, దాన్ని స్కాన్ చేసి అందరి ఫోన్లకూ అందేలా పెట్టే ఏర్పాటు ఈ మధ్యే మొదలైంది. హైదరాబాదులో పరిశోధన చేస్తున్న సహస్ర అనే అమ్మాయి, తొంభై ఏళ్ల కిందట అచ్చయిన వరి నాట్లేస్తూ పాడే నాటు పాటల పుస్తకం కావాలని చీటీ పంపింది. గోదావరి ఒడ్డు ఊళ్లు తిరిగి ఎవరో పంతులు పోగేసిన పాటలవి. ఆ పుస్తకం ప్రతి ఇంకెక్కడా లేదు, ఇక్కడే ఉంది. కానీ అడిగింది ఒక్కరు. అధికారి అడిగేది ఇరవై మందిని.

ఏడింటికి ఉపేందర్ ఐలవ్వ హోటల్లో చాయ్ తాగుతుండగా సహస్ర ఫోన్ చేసింది. రోడ్డు మీద లారీల మోతకు అలవాటుపడ్డ గొంతు కావడంతో అతను మాట్లాడితే వీధి మొత్తానికి వినిపిస్తుంది.

"ఆఁ, చెప్పు సహస్రమ్మా! ఇయ్యాల్నే మొదలువెడ్తున్నం. ఎనిమిదింటికి మెషిన్లు దిగుతయి. ఓసీఆర్ గూడ చేసుడే, నువ్వేం ఫికర్ చెయ్యకు. మొదాలు పైనున్న దుమ్మంత తీసేస్తం. లోపట ఒకదాన్కొకటి అతుక్కొని ఉన్నయి, ఒక్కొక్క పొర మెల్లగ లేపాలె. ఏందీ, హక్కులా? గవెప్పుడో తీరినయి! వారసులున్నా ఇప్పుడేం చెయ్యలేరు. ఎవ్వల్నీ అడుగుడు లేదు. మొదాలు మా లైబ్రరీ కాడ షురూ, అటెన్క అన్ని జాగలల్ల చేస్తరట."

పేజీని ఫొటో తీశాక, ఆ ఫొటోలోని అక్షరాలను కంప్యూటరు చదివేలా చేసే పనిని ఓసీఆర్ అంటారని ఉపేందర్‌కు కూడా వారం కిందటే తెలిసింది. ఐలవ్వకు అదీ తెలియదు. ఆమెకు తెలిసింది ఓసీ. ఓసీ అంటే ఓపెన్ కాస్టు, భూమిని పై నుంచి తవ్వుకుంటూ పోయే బొగ్గు గని. ఈ పట్టణంలో ఆ రెండు అక్షరాలు వినబడ్డాక మూడో అక్షరం కోసం ఎవరూ ఆగరు. పైగా ఐలవ్వది మోదుగులపల్లె. పదిహేనేళ్ల కిందట ఆ ఊరు ఓసీ కింద పోతే, గిన్నెలు మూట గట్టుకుని ఈ కాలనీకి వచ్చి పొయ్యి పెట్టుకుంది.

ఆమె చేతిలోని చాయ్ గ్లాసు దాటి, బల్ల దాటి, రిటైరైన గని కార్మికుడు యోనా లుంగీ మీదికి పోయింది.

"అమ్మో! కాలిందక్కా!"

"నీ లుంగి ఆరుతది తియ్యి. ఇన్నవా, లైబ్రరీ కాడ ఓసీ వడ్తదట! హక్కులు గూడ లేవట!"

ఉపేందర్ అప్పటికే సైకిలెక్కి వెళ్లిపోయాడు.

ఎనిమిదింటికి స్కానింగు మనిషి జాన్ ప్రసాద్ ఆటోలో దిగాడు. ఒక ఇనప పెట్టె, రెండు లైట్లు, మూడు కాళ్ల స్టాండు దించుకున్నాడు. కెమెరా బాగుందో లేదో చూసుకోవడానికి స్టాండును లైబ్రరీ వరండాలో నిలబెట్టి, ఒక కన్ను మూసి, కాలనీ వైపు గురిపెట్టి చూశాడు. చూసింది అర నిమిషమే. మూడు కాళ్ల స్టాండుతో సర్వేకు వచ్చినవాళ్లను ఆ కాలనీ జనం ఇదివరకే ఎరుగుదురు. నీళ్ల కోసం నల్లా దగ్గర నిలబడ్డ ఆడవాళ్లు బిందెలు అక్కడే వదిలేశారు.

ఎనిమిదిన్నరకు కాలనీ నాయకుడు భూపాల్ ఇంటి ముందు జనం గుమిగూడారు. భూపాల్ పళ్లు తోముతూనే బయటికొచ్చాడు.

"గిది నాకు నెల కిందనే తెలుసు," అన్నాడు నురగ ఉమ్మేసి. తెలియదని ఒప్పుకోవడం అతని వంశంలో లేదు.

"తెలిస్తే చెప్పద్దానే భూపాలన్నా?"

"సమయం సందర్భం ఉంటది గదా. ఇగో, ఇప్పుడైన ఇనుండ్రి. రేపు ఇండ్ల లిస్టు రాయనీకి వస్తరు. ఏదన్న రిజిస్టర్ల పేరు లేకపోతే మీరు ఈడ ఉన్నట్టే లెక్క గాదు."

"ఆధార్ కార్డు ఉన్నది గదా?" అన్నాడు యోనా.

"ఆధార్ దేశమంతటికి ఉన్నది కాకా. గా లైబ్రరీ రిజిస్టర్ల మన పేరుంటే ఆఫీసరేమనాలె? వీళ్లు ఈడనే ఉంటున్నరు, ఈడనే చదువుకుంటున్నరు అనాలె. చేతుల పుస్తకం గూడ ఉంటే ఇగ తిరుగు లేదు. జల్ది నడువుండ్రి!"

లోపల జాన్ ప్రసాద్‌కు పుస్తకం అప్పగించి, ఉపేందర్ బీరువా వెనక దుమ్ము దులుపుతున్నాడు. తల ఎత్తి చూస్తే గుమ్మం నుంచి గేటు దాకా వరస. ఇన్నేళ్లలో ఆ గుమ్మం ముందు వరస కట్టింది చీమలే. ఎవరో తన మీద పరాచికాలాడుతున్నారని అతనికి ఒళ్లు మండింది.

"ఏందవ్వా, తోవ తప్పిండ్రా? రేషన్ షాపు ఆ గల్లిల ఉన్నది."

అందరికన్నా ముందున్న ఐలవ్వ బల్ల మీదికి వంగింది. "బిడ్డా, నాతోని అబద్ధమాడకు. ఓసీ గీడనేనా?"

మూడో అక్షరం ముసలామెకు నోరు తిరగలేదనుకున్నాడు ఉపేందర్. "గీడనే. లోపట సారు షురూ చేసిండు గూడ."

"ఎంత?"

"నూటపన్నెండు." అతను చెప్పింది పేజీలు, ఆమె విన్నది ఎకరాలు.

"ఓ నాయనా, నూటపన్నెండా!"

"గిది చిన్నదే అవ్వా. గిసొంటియి రోజుకు రెండు చేస్తరట."

ఐలవ్వ గుండె మీద చెయ్యి వేసుకుంది. "మరి మా సంగతేంది బిడ్డా?"

"మీకేం కష్టం ఉండదు. ఎక్కడికి పోవుడు లేదు, ఇంట్ల కూసున్న కాడికే వస్తది."

ఆ మాట వరస చివరిదాకా పాకి, చివర్లో ఎవరో ఏడుపు అందుకున్నారు. ఐలవ్వ ముక్కు చీది, "సంతకం ఏడ వెట్టాలె?" అంది.

ఆ తర్వాత రెండు గంటలు ఉపేందర్‌కు తల ఎత్తే తీరిక లేదు. పేర్లు రాసుకున్నాడు, వేలిముద్రలు తీసుకున్నాడు, పుస్తకాలిచ్చాడు. ఏ పుస్తకం కావాలని అడిగితే ఎవరికీ పట్టింపు లేదు, మందంగా ఉంటే చాలన్నారు. యోనా పశువైద్యం పట్టుకుపోయాడు. ఇద్దరు మనవలున్న భూపాల్‌కు బాలింతల జాగ్రత్తలు దొరికింది. బీరువాలు ఖాళీ అవుతుంటే ఉపేందర్ కడుపులో ఏళ్లుగా పేరుకున్న చేదు కొంచెం కొంచెంగా కరిగింది. ఇంత ప్రేమ వీళ్లు ఇన్నాళ్లూ ఎక్కడ దాచారు? క్యాంటీన్ సంగతి ఎవరైనా చెప్పి ఉంటారా? తన కోసమే వచ్చారా? అనుకుంటూ ఇంకో పుస్తకం దుమ్ము దులిపి ఇచ్చాడు. వరస తోసుకుంటూ వచ్చిన ఒకాయన్ను "ఏందే, ఆగలేవా!" అని కసిరాడు.

పదకొండింటికి అధికారి సంపత్ జీపు గేటు దగ్గరే ఆగిపోయింది. ముందుకు పోవడానికి సందు లేదు. "లైబ్రరీని ముట్టుకుంటే ఖబడ్దార్!" అని రెండు వందల గొంతులు ఒక్కసారే అరిచాయి. సంపత్ ఒళ్లోని సంచిలో, లైబ్రరీ మూసివేత ఉత్తర్వు సంతకం ఒక్కటే తక్కువగా ఉంది. ఆ సంగతి తనకూ, ఉత్తర్వు టైపు చేసిన మనిషికీ తప్ప తెలియదనుకున్నాడు.

భూపాల్ జీపు బంపరెక్కాడు. "ఆ సంచిల ఏమున్నదో మాకు ఎరుకే సార్!"

సంపత్ సంచిని ఇంకా దగ్గరికి లాక్కున్నాడు. "మీకెవరు చెప్పారు?"

"నెల కిందనే తెలుసు! ఇయ్యాల లైబ్రరీ తీస్తరు, రేపు మమ్ముల తీస్తరు. ఒక్క ఇటుక కదిలినా కాలనీ కాలనీ ఒచ్చి మీ ఆఫీసు ముందట వండుకొని తింటం!"

"అయ్యా, అంత దూరం ఎందుకు? కదిలించం. మూయం. సరేనా?"

"నోటి మాట నడువది. రాసియ్యిండ్రి!"

సంపత్ జీపు బానెట్ మీద కాగితం పెట్టి రాశాడు. ఈ లైబ్రరీ ఇక్కడే ఉంటుందని, దీన్ని మూయడం గానీ తరలించడం గానీ జరగదని రాసి, సంతకం చేసి, ముద్ర వేశాడు. కాగితం చేతులు మారి ఉపేందర్ దగ్గరికి చేరింది. అతను దాన్ని రెండుసార్లు చదివాడు. తప్పు చదివానేమోనని మూడోసారి వేలు పెట్టి చదివాడు.

సరిగ్గా అప్పుడే జాన్ ప్రసాద్ చెమట తుడుచుకుంటూ వరండాలోకి వచ్చాడు. "ఉపేందరన్నా, ఓసీఆర్ అయిపోయింది!"

"అయిపోయిందా?" అన్నాడు యోనా. "ఎప్పుడు తవ్విండ్రు? చప్పుడే రాలేదు!"

"తవ్వుడేంది కాకా? గోదారి ఒడ్డు ఊళ్ల పాటల పుస్తకంల అక్షరాలు కంప్యూటర్‌తోని చదివిచ్చిన. ఇగ ఏ పేరు కొట్టినా గా పేజి ఒస్తది."

అర్థం కావడానికి ఆ జనానికి అర నిమిషం పట్టింది. అంతా కలిసి భూపాల్ వైపు తిరిగారు. భూపాల్ బంపరు దిగి, చంకలోని బాలింతల జాగ్రత్తలు తెరిచి శ్రద్ధగా చదవసాగాడు. ఉపేందర్‌కు సంగతి తెలిసింది. వీళ్లు వచ్చింది లైబ్రరీ కోసం కాదు, తన కోసమూ కాదు. సంపత్‌కు మాత్రం ప్రాణం లేచొచ్చింది.

"అంటే ఇదంతా పొరపాటు! ఏమయ్యా అటెండరూ, ఆ కాగితం ఇలా ఇచ్చేయ్."

ఉపేందర్ కాగితం వీపు వెనక్కి పెట్టుకున్నాడు. వాళ్లిద్దరి మధ్యలోంచి ఐలవ్వ వరండా మెట్లెక్కింది.

"ఓ సారూ, గా మెషిన్ల ఊరి పేరు కొడ్తే ఒస్తదా?"

"పుస్తకంల ఉంటే ఒస్తది అవ్వా," అన్నాడు జాన్ ప్రసాద్. "కని పాత అచ్చు గదా, పదిట్ల రెండు తప్పు చదువుతది."

"నేను గూడ గంతే, కొట్టుండ్రి," అన్నాడు ఉపేందర్.

జాన్ ప్రసాద్ కంప్యూటరును వరండాలోకి తెచ్చి మోదుగులపల్లె అని కొట్టాడు. నలభై ఒకటో పేజీ తెర మీదికి వచ్చింది. ఉపేందర్ కూడబలుక్కుని పైకి చదివాడు.

"మోదుగులపల్లెల మూడు మూలల మడి, ఓ వదినె! మొగడు గట్టెక్కె, మొలబంటి నే దిగితి, ఓ వదినె..."

తర్వాతి అక్షరాలు మెషిన్ తప్పు చదివింది. ఉపేందర్ ఆగిపోయాడు. ఐలవ్వ ఆగలేదు.

"గట్టు మీది మారాజు గొడుగడిగె, ఓ వదినె! బురద తట్టెత్తి నెత్తిన బోర్లిస్తి, ఓ వదినె!"

వెనక నుంచి మోదుగులపల్లె ఆడవాళ్లు పదిమంది అందుకున్నారు. రెండోసారికి ముప్పై మందయ్యారు. తట్ట బోర్లించే చోట మొగవాళ్లు కూడా ఈలలు వేశారు. ఐలవ్వ కళ్లు తుడుచుకుని నవ్వింది.

"గా ఓసీ మింగిన ఊరును గీ ఓసీ బయటికి తీసె గదరా! ఇంకేమేం ఉన్నయి గిండ్ల? మా తల్లిగారి ఊరు కొట్టు!"

"మాది కొట్టుండ్రి సారూ! ముందుగాల మాది!" అని జనం వరండా మీదికి ఎగబడ్డారు. ఈసారి ఎవరికీ జీపు గుర్తు లేదు.

సంపత్ మళ్లీ చెయ్యి చాపాడు గానీ ఆ చెయ్యిలో మునుపటి బలం లేదు. ఉపేందర్ కాగితం జేబులో పెట్టుకుని, రిజిస్టరు తెచ్చి బానెట్ మీద తెరిచాడు.

"ఇరవై మంది గావాలన్నరు సార్. రెండు వందల అరవై మూడు మంది ఉన్నరు. ఒక్కటి గూడ నా సంతకం గాదు."

"కానీ వీళ్లు చదవడానికి రాలేదు కదయ్యా!"

"రిజిస్టర్ల ఎందుకొచ్చిండ్రు అని గడి లేదు సార్. మీ ఆఫీసు అచ్చేసిందే."

సంపత్ రిజిస్టరును ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి తిప్పాడు. నిజంగానే ఆ గడి లేదు. సంచిలోని ఉత్తర్వును నాలుగు మడతలు పెట్టి, రిజిస్టరు కింద సంతకం చేసి జీపెక్కాడు. పై ఆఫీసుకు పంపిన నివేదికలో, ఎవరైనా అడిగితే జవాబు చెప్పుకోవడానికి పెద్ద మనిషి పేరు ఒకటి కావాలి కాబట్టి, "లైబ్రేరియన్ ఉపేందర్ గారు తెలిపిన ప్రకారం" అని రాశాడు. అలా ఏడో తరగతి మీద ఒక్క పరీక్ష రాయకుండా ఉపేందర్ ఆ కుర్చీలో కూర్చున్నాడు. సహస్రకు నాటు పాటలు సాయంత్రానికే అందాయి. గోదాం కోసం ఇంకో హాలు చూసుకోమని పాత ఫైళ్లకు కబురు వెళ్లింది.

మర్నాడు స్కానింగు కావాలంటూ లైబ్రరీకి నలభై మూడు చీటీలు వచ్చాయి. అందులో ముప్పై ఎనిమిది పుస్తకాలవి, మిగతా ఐదూ మోకాళ్లవి.