ఉప్పు నీళ్ళు

ఆదివారం ఉదయం మణిమారన్ పెట్టుకున్న పని ఒక్కటే. సముద్రపు పగడాల్ని ప్రాణంతో పెంచే గాజు తొట్టిలోంచి కొంత పాత నీరు తోడేసి, అంత కొత్త నీరు పోయాలి. వారమంతా ఆఫీసులో అందరికీ జవాబులు చెప్పుకునే మనిషికి, ఏమీ అడగని ప్రాణుల ముందు కూర్చునే సమయం అదొక్కటే. అదీ ఎన్నాళ్ళో తెలియదు. ఈ తొట్టి వల్ల ఇరుగుపొరుగుతో ఇంకొక్క మాట పడాల్సి వస్తే కొన్న కొట్టుకే తిరిగి ఇచ్చేస్తానని భార్య పూంగొడి ఖరారుగా చెప్పేసింది.

శుద్ధి చేసిన మంచినీళ్ళలో సముద్రపు ఉప్పు కలిపి, డ్రమ్ము నింపి ముందు రోజే గుమ్మం బయట పెట్టాడు. ఎవరూ ముట్టుకోకుండా మూత మీద పెద్ద అక్షరాలతో ‘ఉప్పు నీళ్ళు’ అని రాశాడు.

సముద్రం ఒడ్డునున్న తిరువాన్మియూరులో ఉప్పు నీళ్ళంటే బోరు నీళ్ళు. తాగడానికి తప్ప అన్నిటికీ వాడతారు. పుట్టి పెరిగిన ఊళ్ళో ఆ మాట తట్టకపోవడానికి మనసు అడుగున ఏదో కారణం ఉండే ఉంటుంది. వెతుక్కునే ఓపిక అతనికి లేదు.

అతను పాలకి వెళ్ళినప్పుడు అపార్ట్‌మెంటు మోటారు ఆగిపోయింది. కింది వాటా పెద్దావిడ పట్టమ్మాళ్ మామి తలకి నూనె పెట్టుకుని, ఖాళీ బకెట్టుతో పైకి వచ్చింది. పూంగొడి మూత చదివి, బోరు నీళ్ళే కదా అని ధారాళంగా తోడి ఇచ్చింది. మామిని చూసి మరికొందరు వచ్చారు. డ్రమ్ము ఖాళీ అయింది.

మామికి సబ్బు నురగ రాలేదు. కళ్ళు మండాయి. ఒక చుక్క నాలుక మీద వేసుకుని చూసి, తడి జుట్టుతోనే వెళ్ళి సంఘం కార్యదర్శి దక్షిణామూర్తి తలుపు తట్టింది. బోరులోకి సముద్రం వచ్చేసిందని చెప్పింది.

మణిమారన్ తిరిగొచ్చేసరికి మెట్ల నిండా జనం. ఫ్లాటు అమ్మకానికి పెట్టినాయన తల పట్టుకుని కూర్చున్నాడు. కార్యదర్శి బోరు తవ్వేవాళ్ళతో ఫోనులో ఉన్నాడు. ఖాళీ డ్రమ్ము చూడగానే మణిమారన్‌కి సంగతంతా అర్థమైంది. ఊరుకుంటే తొట్టి దక్కుతుంది. కానీ అబద్ధాన్ని రోజూ మోయడం కన్నా నిజం ఒకసారి చెప్పేయడమే తక్కువ శ్రమ అనిపించింది.

"బోరు బాగానే ఉంది సార్. ఆ నీళ్ళు నావి. మంచినీళ్ళలో నేనే ఉప్పు కలిపాను."

కార్యదర్శి ఫోను చెవి దగ్గర్నుంచి దించాడు.

"ఈ ఊళ్ళో అందరూ ఉప్పు తియ్యడానికి మిషన్లు కొంటుంటే," అన్నాడు దక్షిణామూర్తి నెమ్మదిగా, "నువ్వు కలుపుతున్నావా తమ్ముడూ?"

మామి పూంగొడి వైపు జాలిగా చూసింది. "ఎప్పట్నుంచమ్మా ఇలా? డాక్టరుకి చూపించావా?"

పూంగొడి మొహం మాడిపోయింది. "ఆయనకేం లేదు మామీ. కొత్త బోరు ఖర్చు తప్పించాలని ఏదో చెప్తున్నారు. మా తొట్టిలో ఉన్నవి మామూలు నీళ్ళే."

అందరూ నమ్మారు. పిసినారితనం వాళ్ళకి తెలిసిన జబ్బే.

లోపలికి వచ్చి పూంగొడి తలుపు గట్టిగా వేసింది. "ఇప్పుడు కొట్టుకి ఇచ్చేద్దామన్నా వీల్లేదు. వచ్చినవాడు ఆ మెట్ల మీదే ఉప్పు నీళ్ళ తొట్టి అంటాడు. ఇకనుంచి వంటింట్లోనే కలుపుకోండి."

పాత బోరు మోటారు బాగు చేయించేదాకా కూడా ఆగకుండా ఆ వారమే కొత్త బోరు దింపారు. దాంట్లో నిజంగానే సముద్రం పడింది.