కొండయ్య ల్యాప్‌టాప్‌కు కాపలా

అమీర్ బాషా ఆ రోజు పన్నెండు గంటల బస్సుకు పులివెందుల పోవాలి. కూతురు హసీనా నిశ్చితార్థం సాయంత్రం నాలుగుకు, పెళ్ళికొడుకు వాళ్ళింట్లో. పెళ్ళాం ఖమ్రున్నీసా, కూతురు, చుట్టాలు పొద్దున్నే వెళ్ళిపోయారు. కాబోయే వియ్యంకుడు గౌస్ మొహిద్దీన్‌కు ఆలస్యమంటే గిట్టదు. నాలుగు దాటితే సంబంధం లేదనుకోండని ముందే చెప్పేశాడు. అయినా ఒక్క రిపేరు చేసి పోదామని బాషా ప్రొద్దుటూరులో తన అంగడి తెరిచాడు. తెరవకుండా ఉండాల్సింది.

ఆ రిపేరు జమ్మలమడుగు దగ్గర ఒక ఊరి నాయకుడు కొండయ్యది. ఇటుకంత మందమున్న పాత ఆఫీసు ల్యాప్‌టాప్. ఆన్ చేసి, ఆకూవక్కా వేసుకుని, నమిలి ఉమ్మి వచ్చినా తెరుచుకోదు. ఎన్నికలకు పది రోజులుంది. పోలింగ్ ఏజెంట్ల జాబితా అంతా అందులోనే ఉంది.

"పాత హార్డ్ డిస్కు తీసేసి కొత్త ఎస్ఎస్‌డీ ఏస్తానన్నా. దాంట్లో ఉండేదంతా దీంట్లోకి కాపీ గావల్ల. రెండు గంటలు పడ్తాది. మీరు పోయి రాండి," అన్నాడు బాషా.

"నీ మీద నమ్మకం లేక గాదు బాషా, కాలం బాగలేదు," అని కొండయ్య ఇద్దరు మనుషులను అంగడి ముందు కూర్చోబెట్టి టిఫినుకు పోయాడు.

ఇద్దరు ఊరికే కూర్చుంటే ఎవరూ పట్టించుకోరు. వీళ్ళు మీసాలు దువ్వుకుంటూ కూర్చున్నారు. కొండయ్య మనుషులు ఎవరి కోసమో కాపు కాశారని అరగంటలో ఎదుటి పార్టీ చిన్నసుబ్బయ్యకు కబురు పోయింది. ఆయన నలుగురిని పంపాడు. నలుగురు వచ్చారని కొండయ్య ఎనిమిది మందిని దింపాడు. ఎనిమిదిని చూసి ఆ వైపు రెండు సుమోలు దిగాయి. పదకొండుకల్లా వీధిలో షటర్లన్నీ పడిపోయాయి. తెరిచి ఉన్నది బాషా అంగడి ఒక్కటే. పాత డిస్కు అక్కడక్కడా చెడి కాపీ నూటికి నలభై ఒకటి దగ్గర ఆగి ఆగి పోతోంది, దాన్ని వదిలి పోవడానికి లేదు.

ఎస్ఐ వచ్చి తొంగిచూశాడు. "ఏంది బాషా, గొడవ దేనికి?"

"గొడవేం లేదు సార్. పాత డిస్కులో బ్యాడ్ సెక్టార్లు ఉండాయి, అంతే."

ఎస్ఐ 'బ్యాడ్ సెక్టార్లు' అని రాసుకుని ఇంకో జీపు పంపమని స్టేషనుకు ఫోను చేశాడు.

పన్నెండు గంటల బస్సు పోయింది. ఖమ్రున్నీసా ఫోను చేసింది. "యాడుండారు మీరు?"

"అరవై రెండు కాడుండా."

"అది యా ఊరు?"

బాషా ఫోను పెట్టేశాడు. ఒంటిగంటన్నరకు కాపీ అయింది. కొత్త డిస్కు బిగించి బటన్ నొక్కితే ల్యాప్‌టాప్ ఉలకలేదు, పలకలేదు. వచ్చి నిలబడ్డ కొండయ్య చెయ్యి నడుము దగ్గరికి పోయింది. బాషా ర్యామ్ పీకి, రబ్బరుతో రుద్ది, మళ్ళీ పెట్టాడు. ఇరవై సెకన్లలో తెరుచుకుంది. జాబితా చూసుకుని కొండయ్య ఊపిరి పీల్చుకున్నాడు. ఎవరి మోటారు సైకిలైనా దొరికితే నాలుగుకు అందుకోవచ్చని బాషా షటర్ మీద చెయ్యి వేశాడు.

అప్పుడు చిన్నసుబ్బయ్య సుమో దిగాడు. చంకలో తువ్వాలు చుట్టిందేదో ఉంది. రెండు వైపులా మనుషులు లేచి నిలబడ్డారు. ఎస్ఐ గోడ పక్కకు జరిగాడు. చిన్నసుబ్బయ్య దాన్ని బల్ల మీద పెట్టి తువ్వాలు విప్పాడు. అదే మందం, అదే రంగు, అలాంటిదే పాత ల్యాప్‌టాప్.

"మాదీ శానా దినాలుగా సతాయిస్తాండాది. ఆయప్పకేం ఏసినావో అదే ఎయ్యి."

"అన్నా, నా బిడ్డ నిశ్చితార్థం..."

"ఆయప్పకు జేసి నాకు చెయ్యకపోతే నువ్వు ఆయప్ప మనిషివని జనం అనుకుంటారు బాషా. నేననుకోనులే."

బాషా కూర్చున్నాడు. ఈసారి కాపలా చిన్నసుబ్బయ్య మనుషులది, వాళ్ళకు ఎదురు కాపలా కొండయ్య మనుషులది. నాలుగు దాటాక కాపీ పూర్తయింది. బాషాకు ఏడుపొచ్చింది, ఏడ్చాడు. "నాలుగయిపాయ. నా బిడ్డ సంబంధం పాయ!"

"నా పని కోసం అంగడి తెరిచినాడు, నేను దింపుతా," అన్నాడు కొండయ్య.

"నీ పని రెండుకే అయిపాయ. ఆలస్యం నా వల్ల. నేను దింపుతా," అన్నాడు చిన్నసుబ్బయ్య.

ఇద్దరిలో ఒక్కరూ తగ్గలేదు. ఎస్ఐ వెనకాలే వస్తానన్నాడు.

ఆరు గంటలకు గౌస్ మొహిద్దీన్ వాకిట్లో నిలబడి ఉన్నాడు. రెండు గంటలుగా తిట్లు వరుసలో పెట్టుకుంటున్నాడు. సందులోకి పదకొండు బండ్లు తిరిగాయి. నలభై మంది దిగారు. చివర పోలీసు జీపు ఆగింది. మధ్యలోంచి బాషా దిగి, చేతులు జోడించి, "భాయ్, శానా ఆలస్యమయింది..." అన్నాడు.

"ఆలస్యమేంది భాయ్? మీరొచ్చినప్పుడే మాకు నాలుగు," అన్నాడు గౌస్ మొహిద్దీన్.

పెళ్ళయి మూడేళ్ళయింది. అల్లుడు హసీనాను ఇప్పటికీ "మీరు" అనే పిలుస్తాడు.