సీట్ల బాబాయి విగ్రహాన్ని కవర్ చేసిన రోజు

ఆ రోజు పొద్దున సీట్ల బాబాయి అనుకున్న పని ఒక్కటే. ఎనిమిదింటికల్లా పత్రికాఫీసు తాళం తీసి, బల్లలు తుడిచి, ఫ్లాస్కు నిండా టీ పోయించి ఉంచాలి. ఉద్యోగంలో చేరి నాలుగో రోజు. అంతకుముందు ముప్పై ఏళ్ళు ఆయన బస్సు సీట్లకీ, సోఫాలకీ, స్కూటర్లకీ కవర్లు కుట్టాడు. రెడీమేడ్ కవర్లు వచ్చాక కొట్టు మూతపడింది. "ఈ ఉద్యోగమైనా నాలుగు కాలాలు నిలబెట్టుకోండి" అంటూ భార్య రోజూ గుమ్మం దాకా వచ్చి సాగనంపుతోంది.

చెప్పులు వేసుకుంటుంటే ఫోను మోగింది. ఎడిటరు గారు. వెనక రైలు చప్పుడు.

"బాబాయ్, మన రిపోర్టరమ్మాయికి జ్వరమట. నేను వచ్చేసరికి పన్నెండవుతుంది. పదకొండింటికి పార్కులో ఇంజనీరు గారి విగ్రహం ఉంది కదా, నువ్వెళ్ళి కవర్ చెయ్యి."

"నేనా అండీ?"

"ఎవరో ఒకరు చెయ్యాలిగా! మొదట్నుంచి చివరిదాకా ఒక్క ముక్క వదలకు. పక్క పత్రికవాళ్ళు కుళ్ళుకోవాలి!"

లైను తెగిపోయింది. బాబాయి కళ్ళు చెమర్చాయి. నాలుగు రోజులుగా టీలు మోస్తున్న తన చేతిలో ఏ విద్య ఉందో ఆ మహానుభావుడు కనిపెట్టేశాడు!

"విగ్రహానికి కవరేమిటండీ?" అంది భార్య.

"ఎండకి మాడిపోదూ? కాకులు ఊరుకుంటాయా?"

ఆవిడకి ఈ మాట సబబుగానే తోచింది. అటక మీదున్న మెరూన్ రెక్సిను చుట్ట దింపి, దుమ్ము దులిపింది.

పార్కు గేటు దగ్గర కాపలాదారు అడ్డుపడ్డాడు. "పత్రికాఫీసు నుంచి. విగ్రహం కవర్ చెయ్యాలి" అన్నాడు బాబాయి. "ప్రెస్సా! ముందే చెప్పొచ్చు కదండీ" అంటూ అతను తోవ ఇవ్వడమే కాక నిచ్చెన కూడా తెచ్చి వేశాడు.

ఊరికి మొదటిసారి కుళాయి నీళ్ళు తెప్పించిన ఇంజనీరు ఆయన. పోయి చాలా ఏళ్ళయింది. విగ్రహాన్ని రాత్రే లారీలోంచి దించి, మేయరు గారు తాడు లాగితే జారిపడేలా తెల్లగుడ్డ వేలాడదీశారు. బాబాయి ఆ గుడ్డని రెండు వేళ్ళతో నలిపి చూసి పెదవి విరిచాడు. ఆ తర్వాత టేపు పట్టుకుని లోపలికి దూరాడు. నిలువెత్తు మనిషి, చంకలో కాగితాల చుట్ట, కుడిచెయ్యి చాచి ఎటో చూపిస్తున్నాడు.

ఇంటి దగ్గర ఆయన కత్తిరిస్తుంటే ఆవిడ మిషను తొక్కింది. "ఆ చూపుడువేలికి కూడా విడిగా కుట్టాలా?" అని విసుక్కుంది.

"ఒక్క ముక్క వదలొద్దన్నారే!"

పదిన్నరకల్లా బాబాయి గుడ్డ లోపలే నిలబడి, తొడిగిన కవరుకి వెనకవైపు మైనపు దారంతో డబుల్ కుట్టు వేసేశాడు. బయటికొచ్చి చెమట తుడుచుకుంటే, కొట్టు మూసిన నాటి నుంచి గుండెల మీదున్న బరువు దిగినట్టయింది.

పదకొండింటికి మేయరు గారు తాడు లాగారు. తెల్లగుడ్డ జారింది. లోపల్నుంచి మెరూన్ రెక్సిను తళతళలాడింది. భుజాల మీద పైపింగు, పొట్ట మీద రెండు వరసల బొత్తాలు. మూడు సీట్ల సోఫా ఒకటి లేచి నిలబడి దారి చూపిస్తున్నట్టుంది.

జనం నోరు తెరిచారు. ఇదేదో కొత్త కళ కాబోలు, తెలియదంటే పరువు తక్కువేమోనని మేయరు గారు గట్టిగా చప్పట్లు కొట్టారు. ఆయన కొట్టారు కాబట్టి అందరూ కొట్టారు. "ఈ కళలో లోతుంది" అని ఆయన ఉపన్యాసం ఎత్తుకున్నారు. అంతలో మళ్ళీ ఎడిటరు గారి ఫోను.

"కవర్ చేశావా?"

"బ్రహ్మాండంగా వచ్చిందండీ. జనం కళ్ళు తిప్పుకోవట్లేదు."

"శభాష్! మేయరు గారిని కూడా ప్రత్యేకంగా కవర్ చెయ్యి. ఆయనకి అదంటే ఇష్టం."

ఉపన్యాసం ముగియగానే బాబాయి టేపు తీసి మేయరు గారి నడుముకి చుట్టాడు. తనకి కూడా విగ్రహం పెడుతున్నారు కాబోలనుకుని మేయరు గారు ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కున్నారు. "ఛాతీ కొంచెం ఎక్కువే రాసుకో" అని చెవిలో చెప్పారు.

"అంతా బాగుంది గానీ, మా నాన్నేడీ?" అంది ముందు వరసలోంచి ఓ గొంతు. ఇంజనీరు గారి కూతురు. డెబ్భై దాటిన మనిషి.

విగ్రహం పెట్టించిన కమిటీ అధ్యక్షుడు బ్లేడు పట్టుకుని ఉరికాడు. బాబాయి అడ్డంగా నిలబడ్డాడు. "కొయ్యకండి, కుట్టు విప్పుతాను!"

"అసలు నిన్నెవరయ్యా కప్పమన్నది?"

"ఎడిటరు గారేనండీ. కవర్ చెయ్యమన్నారు."

అప్పుడే ఆటో దిగి వచ్చిన ఎడిటరు గారు ఆ మాట విని నెత్తి పట్టుకున్నారు. "రాయమన్నానయ్యా! ఇక్కడ ఏం జరిగిందో చూసి రాసుకు రమ్మన్నాను!"

ఈ ఉద్యోగం కూడా పోయినట్టే అనుకున్నాడు బాబాయి. భార్యకి ఏం చెప్పాలో తోచక, నిచ్చెనెక్కి మెడ దగ్గర కుట్టు విప్పి, తల మీది రెక్సినుని జానెడు పైకెత్తాడు. కిందనున్న నలుగురూ తొంగి చూశారు.

"ఈయన మా నాన్న కాదు! పాత ఫొటోలో నాన్న పక్కన నిలబడ్డ మా వంటాయన!" అంది కూతురు.

మూలనున్న శిల్పి మెల్లగా మొహం తిప్పుకున్నాడు. కమిటీవాళ్ళ కాళ్ళకింద భూమి కదిలింది. వెనకనున్న జనానికి ఇంకా ఏమీ కనబడలేదు.

"ఎలాగోలా కవర్ చేసెయ్యాలి" అన్నాడు అధ్యక్షుడు గొంతు తగ్గించి.

"మీరు మాత్రం ఇది కవర్ చెయ్యకండి" అని మేయరు గారు ఎడిటరు గారి చెయ్యి పట్టుకున్నారు.

"ముందు దాన్ని కవర్ చెయ్యి బాబాయ్, జనం చూస్తున్నారు!" అన్నారు ఎడిటరు గారు.

"ఏది కవర్ చెయ్యాలో, ఏది చెయ్యకూడదో ఒక్కరైనా తేల్చి చెప్పండి బాబూ!" అన్నాడు బాబాయి నిచ్చెన మీంచి ఏడుపు గొంతుతో.

పెద్దావిడ కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. "కప్పెయ్ నాయనా. ఆయన చేతి వంటకి మా నాన్న రోజూ దణ్ణం పెట్టేవారు. అసలు విగ్రహం వచ్చేదాకా ఆయన్నే నిలబడనీ." ఆ నవ్వు మేయరు గారికీ అంటుకుంది, ఆఖరికి శిల్పికి కూడా. బాబాయి ఈసారి మూడు వరసల కుట్టు వేశాడు.

శిల్పి కొత్త విగ్రహానికి మూడు నెలలు గడువడిగాడు. ఆ మెరూన్ కవరు చూడటానికి జనం పార్కుకి వస్తుండటంతో, వానాకాలం రాకముందే ఊళ్ళోని మిగతా విగ్రహాలన్నిటికీ అలాంటివే కుట్టమని మేయరు గారు కబురు పెట్టారు. సీట్ల బాబాయి పత్రికాఫీసు తాళాలు అప్పగించి మళ్ళీ కొట్టు తెరిచాడు.

గుర్రం మీద కూర్చున్న సేనాధిపతికి మాత్రం రెండుసార్లు ట్రయలు వెయ్యాల్సి వచ్చింది. ఆయన వల్ల కాదు, గుర్రం వల్ల.